గ్యాసు ట్యాంకు పొంగేదెందుకు?
పెద్ద ప్లాంట్లు రాబోయే పల్లెలు ముందుగా తెలుసుకోవలసిన సంగతి

కనిగిరి నియోజకవర్గం పి.సి.పల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ సంస్థ బయోగ్యాస్ ప్లాంటుకు మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. రాష్ట్రంలో ఇటువంటి ప్లాంట్లు 500 నెలకొల్పడానికి, అందుకు 65 వేల కోట్ల రూపాయలు వెచ్చించడానికి 2024 నవంబరులో ప్రభుత్వానికీ ఆ సంస్థకూ ఒప్పందం కుదిరింది. ఆ వరుసలో ఇది మొదటిది. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచుతారు. ఆ గడ్డిని గాలి చొరబడని పెద్ద ట్యాంకుల్లో మురగబెడతారు. వచ్చే వాయువును శుద్ధి చేసి, ఒత్తిడితో సిలిండర్లలో నింపి వాహనాలకు అమ్ముతారు. మిగిలిన మడ్డి ఎరువుగా పొలాలకు చేరుతుంది. స్థూలంగా పథకం ఇదీ.

ఇటువంటి ప్లాంటు వస్తుందంటే రైతు సహజంగా అడిగేవి మూడు: ఎకరాకు కౌలు ఎంత, మా పిల్లలకు ఉద్యోగాలు వస్తాయా, ఎరువు ఏ ధరకు ఇస్తారు. ఈ మూడూ అడగవలసినవే. కాని ఇటువంటి ట్యాంకులను చాలా ఏళ్లుగా నడుపుతున్న దేశాల్లో ఇంజనీర్లకు తలనొప్పి తెచ్చిపెడుతున్న నాలుగో సంగతి ఒకటి వుంది. అది నురగ. డెన్మార్కులో 16 పెద్ద బయోగ్యాస్ ప్లాంట్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, వాటిలో చాలా వాటికి ఈ బెడద తప్పలేదని తేల్చారు. యంత్రాలకూ డబ్బుకూ లోటు లేని దేశంలోనే పరిస్థితి ఇట్లా వుంటే, కొత్తగా మొదలుపెట్టబోయే మనం దాని సంగతి ముందుగా తెలుసుకోవడం మంచిది.

నురగ అంటే పై పైన తేలే చిన్న విషయమని అనుకోవడానికి లేదు. ట్యాంకులో నాలుగోవంతు నురగతో నిండితే, అసలు పని జరిగే చోటు అంతమేరకు తగ్గిపోయినట్టే. నురగ గ్యాసు గొట్టంలోకి ఎక్కితే గొట్టం పూడుతుంది, పొయ్యి ఆరిపోతుంది. పెద్ద ప్లాంట్లలో అయితే అది శుద్ధి యంత్రాల దాకా, ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకోవలసిన వాల్వు దాకా పోతుంది. వాల్వు మూసుకుపోతే పైకప్పే లేచిపోయే ప్రమాదం వుంది. పొంగి బయటపడిన మడ్డి పక్క పొలంలోకో, వాగులోకో పోతుంది. దాని వాసన సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పాలు పొంగుతాయి, నీళ్లు పొంగవు

ఎందుకు పొంగుతుందన్నది వంటింట్లోనే చూడవచ్చు. గిన్నెలో నీళ్లు ఎంతసేపు మరిగినా బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి తప్ప గిన్నె దాటవు. అదే పొయ్యి మీద పాలు పెడితే క్షణం ఏమరుపాటు చాలు. రెండింట్లోనూ ఆవిరి బుడగలే. తేడా అంతా ఆ ద్రవంలో వున్న పదార్థాల్లో వుంది. పాలలోని మాంసకృత్తులు ప్రతి బుడగ చుట్టూ సన్నటి పొర కడతాయి. పొర కట్టిన బుడగ పగలదు. ఒకదాని మీద ఒకటి పేరుకుని పైకి లేస్తాయి. అన్నం వార్చే ముందు గంజి పొంగేదీ ఇందుకే, అక్కడ పొర కట్టేది పిండి పదార్థం.

కాబట్టి నురగకు ముందు వాయువు వుండాలి. తరువాత బుడగ చుట్టూ పొర కట్టే జిగురు పదార్థం వుండాలి. మూడోది, ఆ పొరను పట్టి నిలిపే సన్నటి నలుసులు, నీటికి తడవని రకానివి. గ్యాసు ట్యాంకులో మొదటిది ఎప్పుడూ వుంటుంది, దానికోసమేగా ట్యాంకు కట్టింది! మిగతా రెండూ మనం లోపల పోసేవాటిని బట్టి, పోసే పద్ధతిని బట్టి వస్తాయి. అందుచేత ట్యాంకు పొంగిందని తెలిసినప్పుడు మేస్త్రీనీ, కంపెనీనీ తిట్టడానికి ముందు, గత పది పదిహేను రోజుల్లో లోపలికి ఏమేమి పోశారో విచారించడం సరైన పద్ధతి.

పశువులున్న ఇంటివారికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వుంది. తొలకరికి లేతగా పెరిగిన పిల్లిపెసరలోనో, లూసర్న్ మడిలోనో ఆకలిగొన్న గేదె పడితే ఏమవుతుందో తెలియని రైతు వుండడు. ఎడమ డొక్క డప్పులా ఉబ్బుతుంది. పశువు పొట్టలో వాయువు రోజూ పుడుతూనే వుంటుంది, తేన్పుతో బయటికి పోతూనే వుంటుంది. లేత పప్పుజాతి మేతలోని మాంసకృత్తుల వల్ల ఆ వాయువు సన్నటి నురగలో చిక్కుకుపోతుంది. నురగను పశువు తేన్చలేదు. అప్పుడు పశువైద్యుడు నూనె తాపిస్తాడు, నూనె నురగ పొరను తెంపుతుంది. పశువు పొట్టలో మీథేన్ వాయువు పుట్టించే సూక్ష్మజీవులూ, గ్యాసు ట్యాంకులో పనిచేసేవీ దగ్గరి చుట్టాలు. ట్యాంకు పొంగడమంటే కదలలేని పశువుకు పొట్ట ఉబ్బడమే.

నురగ వేరు, తెట్టె వేరు

గోబర్ గ్యాస్ మన పల్లెలకు కొత్త కాదు. పైన ఇనుప డ్రమ్ము తేలే రకాన్ని ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 1960 దశకం నుంచే ప్రచారం చేసింది. 1978లో ఇటుకల గుమ్మటంతో కట్టే జనతా రకం, 1984లో అంతకంటే తక్కువ ఖర్చుతో దీనబంధు రకం వచ్చాయి. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ పథకం మొదలుపెట్టింది. అప్పటి నుంచి దేశంలో కట్టిన ఇంటి ప్లాంట్లు 50 లక్షల పైమాటే. అయితే కట్టినవన్నీ పనిచేయడం లేదు. పశువులు తగ్గిపోవడం, సిలిండరు గ్యాసు ఇంటింటికీ రావడం పెద్ద కారణాలు. వాటి తరువాత చెప్పుకోవలసింది తెట్టె, నురగ. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కవేసి చేసిన చికిత్స వల్ల చెడిన ప్లాంట్లూ వున్నాయి.

తెట్టె అంటే పేడతో పాటు లోపలికి పోయిన గడ్డిపరకలు, ఊక, వెంట్రుకలు పైకి తేలి, ఎండి, అట్ట కట్టడం. దాని కింద గ్యాసు చిక్కుకుపోతుంది. డ్రమ్ము రకంలో రోజూ డ్రమ్మును కుడికీ ఎడమకూ తిప్పమని చెప్పేది దీనికోసమే. డ్రమ్ము లోపల అమర్చిన కమ్మీలు తెట్టెను చీలుస్తాయి. గుమ్మటం రకాల్లో ఆ సదుపాయం లేదు. కనుక పేడను నీళ్లలో బాగా పిసికి, పరకలు ఏరేసి పోయడమే మార్గం. నురగ తడిగా, మెత్తగా వుంటుంది, లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. తెట్టెను కలియబెడితే విరుగుతుంది. నురగను మరీ జోరుగా కలియబెడితే మజ్జిగ చిలికినట్టు ఒక్కొక్కప్పుడు ఇంకా పెరుగుతుంది. బయటికి వచ్చే స్లర్రీ మీద చిన్న చిన్న బుడగలు ఆరకుండా నిలబడితే, పొయ్యి మంట పచ్చబారి తడబడితే, గొట్టంలో నీళ్లు పట్టే చోట మడ్డి కనిపిస్తే అనుమానించవలసింది నురగను.

కోతవాళ్లు ముందు, నూర్పిడివాళ్లు వెనుక

ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు రెండు జట్లుగా వుంటాయి. మొదటి జట్టు పేడనూ గడ్డినీ విడగొట్టి పుల్లటి ఆమ్లాలుగా మారుస్తుంది. రెండో జట్టు ఆ ఆమ్లాలను తిని మీథేన్ వాయువు ఇస్తుంది. మొదటి జట్టు గంటల్లో పెరుగుతుంది. రెండో జట్టు పెరగడానికి రోజులు పడుతుంది. కోత మనుషులు 20 మంది, నూర్చేవాళ్లు ఇద్దరే వున్న కళ్లం ఎట్లా వుంటుందో ఊహించుకోండి. పనలు పేరుకుపోతాయి. అట్లాగే ఒక్కసారిగా మేత ఎక్కువైతే ట్యాంకులో ఆమ్లాలు పేరుకుంటాయి, బొగ్గుపులుసు వాయువు పాలు పెరుగుతుంది. విరగని మాంసకృత్తులూ, కొవ్వులూ మిగిలిపోతాయి. ఆమ్లాలకు, ఈ మిగిలిన వాటికి బుడగ చుట్టూ పొర కట్టే గుణం వుంది. నురగకు కావలసిన సరంజామా అంతా సిద్ధమవుతుందన్నమాట.

రెండు ఘనపు మీటర్ల ఇంటి ప్లాంటుకు రోజుకు దాదాపు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. అయిదారుగురున్న ఇంటి వంటకు ఆ గ్యాసు సరిపోతుంది. ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లి అయిదు రోజుల తరువాత తిరిగి వచ్చి, పేరుకున్న పేడ అంతా ఒకే పూట తొట్టిలో వేస్తే లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, 250 కిలోలూ లోపలికి పోయాయి కదా అని. ట్యాంకు లెక్క అది కాదు. దానికి పూటపూటా సమానంగా అందాలి. రోజుకు 40 కిలోలే దొరికినా ప్రతిరోజూ పోసే ఇంట్లో గ్యాసుకు లోటు వుండదు. ఒకనాడు వంద కిలోలు, మూడు రోజులు సున్నా అయితే ఎప్పుడూ ఏదో ఒక పేచీయే.

ఇక పోసే వస్తువుల సంగతి. పేడ ఒక్కటే పోసినంత కాలం నురగ బాధ తక్కువ, ఎందుకంటే పేడ ఒకసారి పశువు పొట్టలో జీర్ణమై వచ్చిన సరుకు. గ్యాసు ఎక్కువ వస్తుందన్న ఆశతో హాస్టళ్లలో, హోటళ్లలో మిగిలిన అన్నం, గంజి, వాడేసిన నూనె, మాంసం కడిగిన నీళ్లు, కోళ్లపెంట పోయడం మొదలుపెట్టిన చోటే చిక్కు వస్తుంది. గ్యాసు ఎక్కువ వచ్చే మాట అబద్ధం కాదు. కొవ్వు పదార్థాల నుంచి పేడకంటే ఎన్నో రెట్లు గ్యాసు వస్తుంది. అదే వాటి ప్రమాదం కూడా. నూనె లోపల విరిగి కొవ్వు ఆమ్లాలవుతుంది. సబ్బు తయారయ్యేది ఈ కొవ్వు ఆమ్లాల నుంచే, మరి నురగ రాకుండా ఎట్లా వుంటుంది? పైగా అవి సూక్ష్మజీవుల ఒంటికి అంటుకుని వాటికి ఊపిరి సలపకుండా చేస్తాయి. కోళ్లపెంటలో నత్రజని ఎక్కువ. అది అమ్మోనియాగా మారి రెండో జట్టును దెబ్బతీస్తుంది. బట్టలుతికిన నీళ్లు, కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు లోపలికి పోతే సబ్బు నురగ తెస్తుంది, ఫినాయిల్ జీవులను చంపుతుంది. మరుగుదొడ్డిని గ్యాసు ప్లాంటుకు కలిపిన ఇళ్లవారు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి.

చలికాలానికీ ఇందులో వాటా వుంది. ఈ జీవులకు 35 డిగ్రీల వేడి బాగా కుదురుతుంది. సంక్రాంతి నెలలో రాత్రి చలికి ట్యాంకు చల్లబడితే గ్యాసు తగ్గుతుంది. గ్యాసు తగ్గిందని ఇంటివారు పేడ ఎక్కువ పోస్తారు. ఆ పేడ జీర్ణం కాకుండా లోపలే కూర్చుంటుంది. శివరాత్రి తరువాత ఎండ ముదరగానే అంతా ఒక్కసారిగా పులిసి పొంగుతుంది. ఎండాకాలం మొదట్లో ట్యాంకు పొంగితే కారణం పుష్యమాసంలో వెతకాలి.

పట్నాల మురుగులో మరో కథ

పట్నాల్లో మురుగునీటిని శుద్ధి చేసే చోట కూడా ఇటువంటి మూసిన ట్యాంకులే వుంటాయి. అక్కడ ముందు మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవులను పెంచుతారు. అవి మురికిని తిని బురదగా అడుగుకు చేరతాయి. ఎక్కువైన బురదను మూసిన ట్యాంకుల్లోకి పంపి గ్యాసు తీస్తారు. ఈ ట్యాంకులు పొంగడానికి పల్లె ట్యాంకుల్లో సాధారణంగా కనిపించని కారణం ఒకటి వుంది. గాలి ఊదే తొట్టిలో కొన్ని జాతుల సూక్ష్మజీవులు దారపు పోగుల్లా పెరుగుతాయి. వాటిలో పేరుమోసినవి రెండు: గోర్డోనియా అమరే, మైక్రోథ్రిక్స్ పార్విసెల్లా. నూనె, జిడ్డు ఎక్కువగా వున్న మురుగంటే వీటికి ప్రీతి. వీటి ఒంటికి నీరు అంటదు, తామరాకు లాగా. అందుచేత బుడగలకు అతుక్కుని పైకి తేలి, నురగను చిక్కగా, గోధుమరంగులో, రోజుల తరబడి విరగకుండా నిలబెడతాయి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1969లో ఈ రకం నురగను గుర్తించారు. ఆ తరువాత అది చాలా దేశాల్లో కనిపించింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, గాలిలేని ట్యాంకులో ఈ పోగుజీవులు పెరగలేవు. అయినా వాటి ఒళ్లు నురగకు ఊతంగా పనిచేస్తూనే వుంటుంది. జబ్బు కనిపించేది ఒక తొట్టిలో, దాని పుట్టుక అంతకు ముందు తొట్టిలో. ఇంకా వెనక్కి పోతే హోటళ్ల వంటిళ్ల నుంచి కాలువలోకి వదిలిన నూనెలో. ఎంత మందు చల్లినా, గాలి ఊదే తొట్టిలో ఆ జీవుల పెంపకాన్ని ఆపనంతవరకు ట్యాంకు మళ్లీ మళ్లీ పొంగుతుంది.

అయోవా పందుల కొట్టాల పాఠం

మేత మారితే నురగ ఎంతదాకా పోగలదో అమెరికాలోని అయోవా, మిన్నెసోటా రాష్ట్రాల రైతులు చూశారు. అక్కడ పందుల కొట్టాల కిందనే లోతైన గుంతలు వుంటాయి. పెంట అందులో నెలల తరబడి నిలవ వుంటుంది. 2009 ప్రాంతం నుంచి ఆ గుంతల్లో అడుగుల ఎత్తున నురగ లేవడం మొదలైంది. 2011 సెప్టెంబరులో అయోవాలో ఒక కొట్టం పేలి దాదాపు 1,500 పందులు చచ్చిపోయాయి, పనివాడు ఒకరు తీవ్రంగా కాలిపోయారు. నురగ బుడగల్లో నిలవ వున్న మీథేన్, నురగ విరిగిన క్షణంలో ఒక్కసారిగా బయటపడుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం వుంటే నిప్పురవ్వ చాలు.

అంతకు ముందు అన్నేళ్లు లేని నురగ అప్పుడే ఎందుకు వచ్చింది? మొక్కజొన్న నుంచి మోటారు స్పిరిట్ తయారుచేసే ఫ్యాక్టరీలు ఆ రోజుల్లో బాగా పెరిగాయి. అక్కడ మిగిలిన పిప్పి చవకగా దొరుకుతుంటే రైతులు పందుల దాణాలో ఎక్కువగా కలిపారు. ఆ పిప్పిలో నూనె, పీచు ఎక్కువ. పూర్తిగా అరగకుండా అవి గుంతలోకి దిగాయి. విశ్వవిద్యాలయాల వారు ఏళ్ల తరబడి పరిశీలించి, గుంతలో గ్యాసు ఎక్కువగా పుట్టడానికీ, నురగ నిలబడడానికీ దాణాలో వచ్చిన ఈ మార్పుతో సంబంధం వుందని కనుగొన్నారు. అయితే ఒకే దాణా వేసిన పక్క పక్క కొట్టాల్లో ఒకటి నురగ కట్టడం, మరొకటి కట్టకపోవడం కూడా కద్దు. నురగకు ఒకే ఒక కారణం చెప్పేవారి మాట పట్టుకుని పోకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

నేపియర్ గడ్డి సంగతి

ఇప్పుడు మన ప్లాంట్ల విషయానికి వద్దాం. మన దేశంలో పెద్ద బయోగ్యాస్ ప్లాంట్లు నడపలేమని ఎవరూ అనడం లేదు. ఇందూరులో 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడిచెత్తను తీసుకునేటట్టు కట్టింది. పంజాబ్ సంగ్రూర్ జిల్లా లెహ్రాగాగాలో అదే ఏడాది అక్టోబరులో వరిగడ్డితో నడిచే ప్లాంటు, రోజుకు 33 టన్నుల గ్యాసు లక్ష్యంగా మొదలైంది. ఇందూరు ఆ స్థాయికి రావడానికి కారణం యంత్రాలు ఒక్కటే కావు. ఇంటింటా తడిచెత్త, పొడిచెత్త వేరుచేసే అలవాటు అక్కడ ముందే కుదిరింది. లోపలికి పోయే సరుకు రేపు ఎట్లా వుంటుందో ఇవాళే తెలుస్తుంది.

నేపియర్ గడ్డికి మంచి గుణాలు చాలా వున్నాయి. నీరుంటే ఏడాది పొడుగునా కోతకు వస్తుంది. దాని స్వభావం మాత్రం కోతను బట్టి మారుతుంది. లేతగా కోస్తే మాంసకృత్తులు, చక్కెరలు ఎక్కువ. ట్యాంకులో తొందరగా పులుస్తుంది. ముదిరాక కోస్తే పీచు ఎక్కువ. నెమ్మదిగా అరుగుతుంది, పైకి తేలి తెట్టె కడుతుంది. ఈ వారం లేతగడ్డి, వచ్చే వారం ముదురుగడ్డి వేస్తే ట్యాంకుకు మేత మార్చినట్టే. ఇంకొక లోటు కూడా వుంది. మీథేన్ పుట్టించే జీవులకు నికెల్, కోబాల్ట్ వంటి లోహాలు అతి సూక్ష్మ మోతాదుల్లో కావాలి. పేడలో అవి వుంటాయి. గడ్డి ఒక్కదాని మీదే ట్యాంకును ఎక్కువ కాలం నడిపితే అవి చాలక, రెండో జట్టు నీరసించి, ఆమ్లాలు పేరుకుంటాయి. జర్మనీలో పంటలతోనే నడిపే ప్లాంట్లు ఈ లోహాలను మందులాగా కొని కలుపుతుంటాయి. మన దగ్గర గడ్డితో పాటు పేడ కలిపితే ఆ ఖర్చు చాలా వరకు తప్పుతుంది. ఇందులో పల్లెకు ఒక బేరం వుంది. పేడ ఆ ప్లాంటుకు ఆరోగ్యం. ఊళ్లో పేడకు ధర అడగడానికి ఇంతకంటే బలమైన వాదన వుండబోదు.

ఇక కరెంటు. పెద్ద ట్యాంకుల్లో కలియబెట్టే యంత్రాలు నిలకడగా తిరుగుతుండాలి. కొన్ని గంటలు ఆగితే మడ్డిలో బుడగలు చిక్కుకుని, మొత్తం సరుకు పులిసిన పిండిలా నెమ్మదిగా ఉబ్బుతుంది. తిరిగి వచ్చిన కరెంటుతో యంత్రాన్ని ఒక్కసారిగా పూర్తి వేగంతో తిప్పితే, దాగివున్న గ్యాసు అంతా బయటపడి మడ్డి పైకి ఎగుస్తుంది. అందుచేత జనరేటరు వుందా అన్నది ఫ్యాక్టరీ లోపలి సంగతి కదా అని ఊరివారు ఊరుకోవడానికి వీల్లేదు.

లూధియానా జిల్లాలో ఏం జరిగింది

పంజాబ్ లూధియానా జిల్లాలో ఘుంగ్రాలీ రాజపుతాన్, భూంద్రీ, అఖాడా మొదలైన గ్రామాల వారు 2024లో ఇటువంటి ప్లాంట్లు వద్దంటూ నెలల తరబడి ధర్నాలు చేశారు. దుర్వాసన, నీటి కాలుష్యం వారి ప్రధానమైన ఫిర్యాదులు, భయాలు. కాలుష్యం వుండదని ప్రభుత్వ పక్షం చెప్పింది. ఎవరి మాట ఎంతవరకు నిజమన్నది అక్కడి నీటినీ, గాలినీ పరీక్షించి తేల్చవలసిన విషయం. కాని ఒక సంగతి స్పష్టం. ఊరివారికి ముందుగా వివరం చెప్పి, వారి ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఇచ్చి వుంటే వ్యవహారం రోడ్డెక్కి వుండేది కాదు. ప్లాంట్ల వల్ల వచ్చే మేలును ఈ రచయిత కాదనడం లేదు. గడ్డి నుంచి, పేడ నుంచి వాహనానికి ఇంధనం రావడం, మడ్డి తిరిగి పొలానికి చేరడం మంచిదే. అయితే సక్రమంగా అరిగిన మడ్డికి పెద్దగా వాసన వుండదు. అరగకుండా పొంగి బయటపడిన మడ్డే కంపు కొడుతుంది. అది పొలానికి వేస్తే పైరుకు మేలు చేయకపోగా వేళ్లను కూడా దెబ్బతీయగలదు. అంటే ట్యాంకులో నురగ అదుపులో వుండడానికీ, ఊరి గాలికీ, రైతు పొలానికీ నేరుగా సంబంధం వుంది.

పొంగినప్పుడు చేయవలసినవి

ఇంటి ప్లాంటు పొంగితే మొట్టమొదట పేడ పోయడం ఆపాలి. నాలుగైదు రోజులు మేత లేకుండా వుంచితే పేరుకున్న ఆమ్లాలు ఖర్చవుతాయి, చాలా సందర్భాల్లో నురగ తనంతట తానే దిగుతుంది. తరువాత సగం మోతాదుతో మొదలుపెట్టి పది పదిహేను రోజుల్లో పూర్తి మోతాదుకు రావాలి. బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి తెచ్చిన స్లర్రీ నాలుగు బక్కెట్లు పోస్తే కోలుకోవడం త్వరగా జరుగుతుంది. బెల్లం వండే పెనంలో పొంగు అణచడానికి కాస్త నూనె చిలకరించినట్టే, ఇక్కడా కొద్దిపాటి వంటనూనె తాత్కాలికంగా పనిచేస్తుంది. డెన్మార్కులో చేసిన ప్రయోగాల్లో ఆవనూనె జాతి నూనెతో నురగ దిగింది. అయితే అది కొద్దిగా వేసినంతవరకే. మంచిదన్నారు కదా అని శేరు నూనె గుమ్మరిస్తే అదే మళ్లీ కొవ్వు ఆమ్లాలై ఇంకో పొంగుకు మేత అవుతుంది. సున్నం వేయడం కూడా కొందరు చేస్తారు. పులుపు విరగడానికి అది ఉపకరించినా, మోతాదు తెలియకుండా వేస్తే జీవులు చస్తాయి.

చేయకూడనివి రెండు. నురగ ఎంతవరకు వచ్చిందో చూడడానికి అగ్గిపుల్లతో, బీడీ నోట పెట్టుకుని ట్యాంకు దగ్గరికి పోకూడదు. శుభ్రం చేయడానికి మనిషి లోపలికి దిగకూడదు. ట్యాంకు తెరిచి ఒకరోజు అయింది కదా, గాలి ఆడింది కదా అన్న లెక్కలు పనికిరావు. మడ్డిని కర్రతో కదిలిస్తే చాలు, అందులో దాగిన హైడ్రోజన్ సల్ఫైడ్ బయటపడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వేస్తే జాగ్రత్తపడదామని అనుకుంటారు. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) జిల్లా వాకడి గ్రామంలో, బయోగ్యాస్ మడ్డి నిలవ చేసిన పాడుబావిలో పడిన పిల్లిని తీయబోయి ఒకరు, ఆయనను కాపాడబోయి ఒకరి వెంట ఒకరుగా మొత్తం అయిదుగురు చనిపోయారు. ఇటువంటి చావులన్నింట్లోనూ చివరిగా దిగినవారంతా కాపాడడానికి దిగినవారే.

గ్రామసభలో అడగవలసినవి

పెద్ద ప్లాంటు పెట్టేవారు గ్రామసభకు వచ్చినప్పుడు కౌలు, ఉద్యోగాల మాటతో పాటు కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులు తీర్మానంలోనే రాయించుకోవాలి. వాన లేక గడ్డి చాలని నెలల్లో ట్యాంకుల్లో ఏమి పోస్తారు? కోళ్లఫారాల పెంట, కబేళా వ్యర్థాలు, హోటళ్ల నూనె తెచ్చే ఉద్దేశం వుంటే ఎంత మోతాదులో, ఎన్నాళ్లలో పెంచుతారు? పొంగి బయటపడిన మడ్డిని పట్టడానికి కట్ట కట్టిన గుంత ఎక్కడ తవ్వుతారు, అది తాగునీటి బావులకు ఎంత దూరం? రోజూ లోపలికి పోయిన సరుకు తూకం, ట్యాంకు వేడి, పులుపు కొలత రాసే పుస్తకాన్ని పంచాయతీ చూడవచ్చునా?

కేంద్రం నిర్ణయించిన ప్రకారం నగర గ్యాసు సంస్థలు తాము అమ్మే గ్యాసులో బయోగ్యాస్‌ను 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి, 2028-29 నాటికి 5 శాతానికి పెంచాలి. అంటే ఏటా గిరాకీ పెరుగుతుంది, ట్యాంకుల్లో మేత పెంచాలన్న తొందర కూడా అంతకంతకు పెరుగుతుంది. అందుచేత పుస్తకం గురించిన ఆ చివరి ప్రశ్నకు జవాబు రాకుండా తీర్మానం మీద సంతకాలు పెట్టనవసరం లేదు.